గాలితుపాకియు పెరటి శత్రువులును

ఇంగ్లండు గ్రామసీమలలో ఇంటివెనుక తోట యనునది కేవలము పూలమొక్కలకు నిలయము కాదు. అందొక కోళ్లగూడు, దాని ప్రక్క గింజల తొట్టి, శీతకాలమున పక్షులకు మేత నుంచు కొయ్యపళ్లెము, మూలనొక ఎరువుకుప్ప ఉండును. ఇవి యున్నచోటికి పిలువకయే గోధుమవన్నె ఎలుక వచ్చును, బూడిదవన్నె ఉడుత వచ్చును, కూరపాదుల చివుళ్లు మేయుటకు అడవిపావురము వచ్చును. ఈ మూడింటిని వెడలగొట్టుటకు ఆ దేశపు గృహస్థుడు తరతరములుగా ఆశ్రయించుచున్న సాధనములలో గాలితుపాకి యొకటి. దీనిని పిల్లల ఆటబొమ్మగా తలచువారు కలరు, ప్రాణాంతకమైన ఆయుధముగా తలచి దూరముననే నిలుచువారును కలరు. మొదటివారి తలపే ఎక్కువ ప్రమాదకరమైనది. ఈ యంత్రమెట్లు పనిచేయునో, దాని గుళిక ఏ దారిన పయనించునో, ఒక ఎలుకను తప్పక చంపగల ఆ గుళిక ఎలుకల సంతతిని మాత్రము ఏల తగ్గింపజాలదో ఈ అధ్యాయమున పరిశీలింతము.

తుపాకిమందు కూరిన తోటా ఈ పనికి తగదు. తోటాలలో మిక్కిలి చిన్నదని పేరొందిన .22 రకపు గుండు సైతము గాలితుపాకి గుళికకు సుమారు పదిరెట్ల శక్తితో వెడలి, అడ్డు లేనిచో ఒక మైలు దాటి పోగలదు. గోడ కావల పొరుగింటి పిల్లలాడుకొను ముంగిలి యున్నచోట అది ఎలుకకంటె పెద్ద ఉపద్రవము. కావున బ్రిటిషు శాసనము ఈ విషయమున నొక హద్దు గీచినది. 1969 నాటి నియమముల ప్రకారము, గొట్టపు మూతియొద్ద గుళిక కుండు శక్తి 12 అడుగు-పౌనులను, అనగా 16 జౌళ్లకు కొంచెము పైబడిన పరిమాణమును మించనంతవరకు, ఇంగ్లండు వేల్సులలో వయోజనులు ధ్రువపత్రము లేకయే అట్టి తుపాకి నుంచుకొనవచ్చును. మించెనా, అది తక్కిన బందూకులతో పాటు పోలీసువారి అనుమతికి లోబడును. స్కాట్లండు 2016 డిసెంబరు 31 నుండి ఈ చిన్న తుపాకికి సైతము ధ్రువపత్రమును విధించినది. పొరుగువాని సమ్మతి లేక గుళిక పెరటి సరిహద్దు దాటిపోయినచో, అది ఎవరికిని తగులకున్నను నేరమే. ఇక 16 జౌళ్లనగా ఎంతయో తెలియగోరువారు ఒక కిలో బరువును మనిషి కంటి యెత్తునుండి జారవిడిచి చూడవచ్చును: అది నేలను తాకు క్షణమున దానికుండు శక్తి యింతియే. కాని ఆ శక్తి యంతయు నాలుగున్నర మిల్లీమీటర్ల మందముగల సీసపు ముక్కయందు కేంద్రీకృతమైనపుడు దాని స్వభావమే మారిపోవును.

గాలిని ఆయుధముగా మలచు యోచన మనము తలచునంత నవీనమైనది కాదు. 18వ శతాబ్దికే ఐరోపాలో అది యుద్ధసాధనమైనది. జిరార్డోని యను శిల్పి రూపొందించిన గాలితుపాకిని ఆస్ట్రియా సైన్యము 1780లో స్వీకరించెను. భుజమునకానించు భాగమే దాని గాలికోశము. దానిని నింపుటకు సుమారు 1500 మారులు పంపు కొట్టవలసి యుండెడిది. ఐనను ఇరువది గుండ్లను వెంటవెంటనే, పొగ లేకుండ, వానలో సైతము పేల్చుట ఆ కాలమున మరి యే తుపాకికిని సాధ్యము కాకుండెను. 1803లో బయలుదేరి అమెరికా ఖండము నడ్డముగా దాటిన లూయిస్, క్లార్కుల బృందమొక గాలితుపాకిని వెంటగొనిపోయి, దారిలో తటస్థించిన ఆదివాసి జాతుల యెదుట దానిని ప్రదర్శించి విస్మయము గలిగించెడివారు. షెర్లాక్ హోమ్స్ కథలు చదివినవారికి ‘ఎంప్టీ హౌస్’ కథలో కర్నల్ మోరన్ చేతనున్న గాలితుపాకి గుర్తుండును. ధ్వని లేని మృత్యువను కీర్తి దానికి కథకులు కట్టబెట్టినదే. పెరటి వేటకు తగిన నేటి రూపము మాత్రము 20వ శతాబ్ది ప్రారంభమున బర్మింగ్‌హామ్ నగరమున స్థిరపడినది. లింకన్ జెఫ్రీస్ యను తుపాకుల శిల్పి రచించిన నమూనాను బి.ఎస్.ఏ. కర్మాగారము 1905 ప్రాంతమున తయారుచేయనారంభించెను. అమెరికాలో దీని చరిత్ర మరింత వినోదకరము: మిషిగన్ రాష్ట్రమున గాలిమరలు తయారుచేయు సంస్థ యొకటి, మరను కొన్న రైతుకు కానుకగా చిన్న గాలితుపాకి నిచ్చెడిది, కొలదికాలమునకు గాలిమరలకంటె కానుకకే గిరాకి హెచ్చి, సంస్థ మరలను విడిచి తుపాకి పేరనే ‘డైసీ’ యని పిలువబడసాగెను.

స్ప్రింగు గాలితుపాకియందు ముందుగా నిలువచేసిన గాలి యేమియు నుండదు. ఈ సంగతి పలువురెరుగరు. మీటను వంచినపుడు బలమైన ఉక్కు స్ప్రింగు ముడుచుకొని, దాని ముందున్న పిస్టను వెనుకకు జరిగి కొక్కెమునకు చిక్కుకొనును. ట్రిగ్గరు నొక్కినంతనే పిస్టను మున్ముందునకు దూకి, తన యెదుటనున్న సాధారణమైన గాలిని, మనము పీల్చు గాలినే, ఒక చిన్న సందులోనికి నొక్కివేయును. ఈ క్రియ యంతయు సెకనులో నూరవవంతునకు అటునిటుగా ముగియును గనుక, పుట్టిన వేడిమికి బయటికి పోవు వ్యవధి చిక్కదు. భౌతికశాస్త్రము దీనిని స్థిరోష్ణక సంపీడనమని వ్యవహరించుచున్నది. ఆ కొలది క్షణమునందు గాలి ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీలకెగబ్రాకును; పీడనము అనేక పదుల రెట్లు పెరుగును; గుళిక కదలుట కారంభించును. ఇంతటి వేడిమిలో పిస్టనునకు పూసిన నూనె ఊరకుండునా? బ్రిటనులో కార్డ్యూలను గాలితుపాకి పరిశోధకులు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు, గాలికి బదులు నత్రజని నింపిన వాతావరణమున తుపాకిని పేల్చి చూచిరి; ఆమ్లజని లేనందున నూనె మండలేదు, గుళిక వేగము గణనీయముగా పడిపోయెను. అనగా గాలితుపాకి యని మనము పిలుచునది సైతము గుప్తముగా కొంత ఇంధనమును దహించుచునే యున్నది. నూనె ఎక్కువైనచో ఆ దహనము ప్రేలుడుగా మారి, స్ప్రింగును విరుగగొట్టును.

దీని తన్ను సైతము విచిత్రమైనదే. తోటాతుపాకి వెనుకకు మాత్రమే తన్నును. స్ప్రింగు తుపాకి మొదట పిస్టను ముందునకురికినందున వెనుకకు కదలి, మరుక్షణము ఆ పిస్టను నొక్కబడిన గాలిదిండును తాకి నిలిచినందున ముందునకు కుదుపబడును. ఈ రెండు కదలికలును గుళిక గొట్టము విడువకముందే జరిగిపోవును. కావున తుపాకిని బిగబట్టి కదలనీయకుండ చేయవలెనని యత్నించిన కొలదియు గురి చెదరును. ఎడమచేతి అరచేతిపై దానిని వదులుగా నుంచి, ప్రతిసారియు ఒకే తీరున కదలనిచ్చువాడే గురికాడగును. బలముకంటె ఏకరూపతయే ఇచట ప్రధానము. ఈ చిక్కును తప్పించుకొనుటకు నేటి వేటగాండ్రలో పలువురు సుమారు 200 వాతావరణ పీడనముల వరకు గాలిని ముందే నింపియుంచు తుపాకులను వాడుచున్నారు. వానికి తన్ను దాదాపు లేదు. వెల మాత్రము మెండు.

ఇక గుళిక. నడుము సన్నమై, తల మొద్దుగా, వెనుకభాగము పలుచని పావడవలె బోలుగా నుండు ఈ సీసపు తునకను ‘డయాబొలో’ యందురు. గాలి వెనుకనుండి నెట్టినపుడు ఆ పలుచని అంచు వ్యాకోచించి, గొట్టములోపలి సర్పిలాకారపు గాడులను గట్టిగా అంటుకొని, గాలి జారిపోకుండ అడ్డుపడుటయే గాక తిరుగుడును సైతము పొందును. గొట్టము విడిచిన పిదప బ్యాడ్మింటన్ బంతికి ఈకల కుచ్చెట్లో గుళికకు ఈ బోలుతోక యట్లు. బరువు ముందును, గాలి నిరోధము వెనుకను ఉండుటచే అది తలక్రిందులు గాక ముక్కు ముందునకే పెట్టుకొని పోవును. కాని ఈ యాకృతియే దాని వేగమును త్వరగా హరించును. వేగము ధ్వనివేగమును, అనగా సెకనునకు సుమారు 340 మీటర్లను, సమీపించినచో గుళిక తొట్రుపడి దారి తప్పును. కనుక ప్రకటనలలో ధ్వనిని మించు వేగమును గొప్పగా చాటు తుపాకిని చూచి మోసపోరాదు. మితవేగమే మేలు.

రెండు పరిమాణముల గుళికలు వాడుకలో నున్నవి: 4.5 మిల్లీమీటర్లది, 5.5 మిల్లీమీటర్లది. శాసనము శక్తికి హద్దు గీచినది గాని వేగమునకు గాదు గనుక, తేలికది వడిగాను బరువుది నెమ్మదిగాను పోవలసినదే. అర గ్రాముకంటె కొంచెము బరువైన చిన్నగుళిక సెకనునకు దాదాపు 240 మీటర్ల వేగముతో బయలుదేరి, 30 మీటర్లు పోవునప్పటికి గురుత్వాకర్షణచే సుమారు 9 సెంటీమీటర్లు క్రిందికి జారును. ఒక గ్రాము బరువుగల పెద్దగుళిక 175 మీటర్ల వేగముతో బయలుదేరి, అంతే దూరమున 16 సెంటీమీటర్లకు పైగా జారును. ఈ జారుడును సరిదిద్దుటకు గొట్టమును కంటిచూపు రేఖకు క్రిందనుండి కొంచెము పైకెత్తి అమర్తురు. అందుచేత గుళిక పథము చూపురేఖను రెండు మారులు ఖండించును, దగ్గర నొకసారి పైకెక్కుచు, దూరమున నొకసారి క్రిందికి దిగుచు. ఈ రెండు బిందువుల నడుమ గుళిక రేఖకు కొంచెము పైన, వానికి వెలుపల క్రిందను ఉండును. దూరమును అయిదు మీటర్లు తప్పుగా అంచనా కట్టినవాడు ఎంతటి నిశ్చలహస్తుడైనను ఎలుకను తప్పును, లేక, అంతకంటె ఘోరముగా, గాయపరచును.

ఈ ఘోరమే వేటయందలి అసలు ప్రశ్న. గాలితుపాకి గుళిక శరీరమును అదరగొట్టి చంపునది కాదు. దానికంతటి శక్తి లేదు. మెదడునో గుండెనో సూటిగా తాకినప్పుడే మరణము తక్షణమగును. ఎలుక శిరస్సున ఆ మర్మస్థానము పాతిక మిల్లీమీటర్లకు మించదు. కావున వేటగాని దూరమును నిర్ణయించునది తుపాకి పరాక్రమము కాదు, వాని చేతి నిలకడయే: కాగితముపై పాతిక మిల్లీమీటర్ల వలయము గీచి, ఎంత దూరమునుండి ప్రతి గుళికను తప్పక దానిలో నుంచగలడో అంతవరకే వానికి ఎలుకపై గురిపెట్టు హక్కు కలదు. పలువురికి ఆ దూరము ఇరువది, ఇరువది అయిదు మీటర్ల లోపే. గుళిక ఆగుటకు లక్ష్యము వెనుక మెత్తని మట్టి యుండవలెను; రాతిగోడను, ఇనుపరేకును, గట్టి దూలమును తాకిన సీసము ఎటు మరలునో చెప్పజాలము. కాచుకొని కూర్చుండి చేయు ఈ వేటలో గురికంటె ఓరిమియే ముఖ్యము. ఎలుకకు క్రొత్తవస్తువన్న భయము మెండు గనుక, మేత వేసిన మొదటి రాత్రులలో అది దరిజేరదు.

ఇంత నేర్పుతో ఒక ఎలుకను కూల్చినవాడు మరునాడు అదే చోట మరొక ఎలుకను చూచి ఆశ్చర్యపడును. గోధుమవన్నె ఎలుక గర్భకాలము మూడువారములకు కొంచెమెక్కువ. ఒక ఈతకు ఆరు మొదలు పది పిల్లలు. పిల్లలు రెండుమూడు నెలలలో తామే ఈనుటకు సిద్ధము. ఇట్టి సంతతి యేల అనంతముగా పెరుగదో బెల్జియము గణితజ్ఞుడు వెర్హుల్స్ట్ 1838లోనే సమీకరణముగా వ్రాసి చూపెను: మేతయు నివాసమును ఎంతవరకు భరించునో అంతవరకు పెరిగి ఆగిపోవును. ఈ సమీకరణమున వేటగానికి రుచింపని యొక సత్యము దాగియున్నది. సంతతి పెరుగు వడి పరమావధికి చేరునది సంఖ్య నిండుగా నున్నపుడు కాదు, సగమైనపుడు. ఒక కొట్టమున అరువది ఎలుకలకు చోటున్నదని యనుకొందము; ముప్పదింటిని చంపినవాడు తక్కిన ముప్పదింటికి అత్యంత వేగముగా వృద్ధిజెందు స్థితిని కల్పించి యిచ్చుచున్నాడు.

ఇది కాగితముపై లెక్క మాత్రమే కాదు. 1940లలో అమెరికాలోని బాల్టిమోరు నగరపు వీథులలో డేవిడ్ డేవిస్, ఆయన సహచరులు ఎలుకలను పట్టి తొలగించి, తరువాత వాని సంఖ్య ఎట్లు పుంజుకొనునో ఓపికతో పరిశీలించిరి. సంఖ్య తగ్గినచోట గర్భిణులైన ఎలుకల పాలు పెరిగెను. కొంతకాలమునకు సంఖ్య మరల పూర్వస్థితికి చేరెను. చెత్తడబ్బాలకు మూతలు పెట్టి, కూలిన కంచెలను కలుగులకు తావిచ్చు పెరళ్లను బాగుచేసిన వాడలలో మాత్రము తగ్గిన సంఖ్య తగ్గినట్లే నిలిచెను. ఎలుకలను పోషించునది చెత్త. దానిని అట్లేయుంచి ఎలుకలను వేటాడుట వృథాశ్రమ.

ఉడుతల కథ దీనికి మరొక సాక్ష్యము. బూడిదవన్నె ఉడుత బ్రిటనునకు స్వదేశి కాదు. అమెరికానుండి తెప్పించిన జంటను 1876లో చెషైర్ ప్రాంతపు హెన్‌బరీ ఉద్యానమున ఒక ధనికుడు విడిచిపెట్టెను. తరువాత మరికొన్ని ఉద్యానములలోను ఇట్టి ముచ్చట జరిగినది. అందమునకని తెచ్చిన ఆ అతిథి చెట్ల బెరడును ఒలిచి చంపుటయే గాక, తనకు హానిచేయని ఒక మశూచి వైరసును మోసికొనివచ్చి, స్వదేశపు ఎఱ్ఱ ఉడుతను నిర్మూలించుచు పోయెను. 1950లలో ప్రభుత్వమువారు చంపిన ప్రతి ఉడుత తోకకు ఒక షిల్లింగు చొప్పున బహుమానము ప్రకటించిరి. తుపాకులు మ్రోగినవి, తోకలు కుప్పలుగా వచ్చినవి, ధనము వ్యయమైనది, ఉడుతలు మాత్రము తగ్గలేదు. కొన్నేండ్లలోనే ఆ పథకమును విరమించిరి. ఎక్కడ సులభముగా దొరకునో అక్కడనే వేటాడుట పారితోషికము కోరువాని స్వభావము. సంతతి మిగులు ప్రదేశములనుండి ఖాళీలు నిండుట ఉడుతల స్వభావము. వేల్సునకు చేరియున్న ఆంగ్లెసీ ద్వీపమున మాత్రము ఉచ్చులు పన్ని, ఏండ్ల తరబడి విడువక, చిట్టచివరి బూడిద ఉడుతవరకు తొలగింపగా ఎఱ్ఱ ఉడుత మరల వర్ధిల్లినది; సముద్రము అడ్డుగా నున్నందున క్రొత్తవి సులభముగా వచ్చి చేరలేకపోయినవి. ఐర్లండు, స్కాట్లండులలో మరొక విశేషము కనుగొనబడినది: ఒకప్పుడు వేటచే నశించి నేడు మరల వ్యాపించుచున్న పైన్ మార్టెన్ యను చిన్న మాంసాహారి యున్న అడవులలో బూడిద ఉడుత తగ్గుచు, తేలికగా కొమ్మల చివరలకు పోగల ఎఱ్ఱ ఉడుత పెరుగుచున్నది.

ఐనచో గాలితుపాకికి సమర్థన యేది? ప్రత్యామ్నాయము విషమగుటయే దాని సమర్థన. రక్తము గడ్డకట్టకుండ చేయు వార్ఫరిన్ 1948 ప్రాంతమున ఎలుకల మందుగా వెలువడి విజయదుందుభి మ్రోగించెను. పది యేండ్లకే, 1958లో, స్కాట్లండున దానిని తిని చావని ఎలుకలు కనిపించినవి. వానికై తయారైన రెండవతరపు మందులు మరింత ఘాటైనవి, శరీరమున చిరకాలము నిలుచునవి. విషము తిన్న ఎలుక చచ్చుటకు కొన్ని దినములు పట్టును, ఈలోపల దానిని గుడ్లగూబ తినును. బ్రిటనులో పరీక్షించిన గుడ్లగూబల కాలేయములలో అత్యధిక భాగమునందు ఈ మందుల జాడలు లభించినవి. ఎలుకలను ఉచితముగా వేటాడు మిత్రుని విషముపెట్టి చంపుకొనుటకంటె అవివేకము లేదు. కోళ్లగూటిని మరిగిన ఒకటి రెండు ఎలుకలను తుదముట్టించుటకు, సరిగా తాకిన సీసపు గుళిక విషముకంటె దయగలది. అది సీసము గనుక, చచ్చిన ఎలుకను బయట విడువక పూడ్చుట వేటగాని విధి. లేనిచో ఆ విషమును సైతము డేగయో నక్కయో మ్రింగును.

ఎవరు శత్రువు, ఎవరు కారు అను తీర్పు సైతము శాశ్వతము కాదు. 1917లో, మొదటి ప్రపంచయుద్ధపు ఆహారకాటకమున, ఇంగ్లండు ప్రభుత్వము ఊరూర ఎలుకల-పిచ్చుకల సంఘములను ప్రోత్సహించి పిచ్చుక తలకింతయని చెల్లింపజేసెను. నేడు అదే ఇంటిపిచ్చుక ఆ దేశమున క్షీణించుచున్న పక్షుల ఎఱ్ఱపట్టికలో నున్నది. అడవిపావురమును కొట్టుటకు సైతము ఇప్పుడు కోపము చాలదు, పంటరక్షణ మొదలైన కారణము కావలెను. అట్టి కారణములకై కొట్టుటకు వీలిచ్చు సామాన్యానుమతులను 2019 ఏప్రిలులో అధికారులు న్యాయవివాదము వలన ఒక్కసారిగా రద్దుచేసి, తిరిగి వ్రాయవలసి వచ్చెను. మన దేశపు పక్షిశాస్త్రమునకు సైతము ఒక పిచ్చుకతోను ఒక గాలితుపాకితోను బంధుత్వమున్నది. బాలుడైన సలీం అలీ బొమ్మ గాలితుపాకితో కొట్టిన పిచ్చుక గొంతున పసుపుమచ్చ చూచి, అది యేమిటో తెలిసికొనగోరి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లర్డు నొద్దకు పోయెను. అచట సేకరించియుంచిన పక్షుల అరలు తెరచి చూపబడినవి. ఆ బాలుడే 1930ల తొలినాళ్లలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసెను. 1985లో వెలువడిన తన ఆత్మకథకు ‘ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో’ యని, ఆ పిచ్చుక పేరనే, నామకరణము చేసికొనెను.

మన తెలుగునాట ఎలుకలవేట వేరు రీతిగా వర్ధిల్లినది. వరిపొలములలో యానాదులు కలుగులను గుర్తించి, కుండలో గడ్డి కాల్చి పొగబెట్టి ఎలుకలను పట్టుటలో సిద్ధహస్తులు. కలుగులోపల దాచిన ధాన్యమును సైతము త్రవ్వి తీయుదురు. అది కలుగును, మేతను, ఎలుకను ఒక్కసారిగా తొలగించు విద్య గనుక, ఒక్కొక్క ఎలుకపై గురిచూచుటకంటె శాస్త్రసమ్మతము. పట్టణపు పెరటిలో గాలితుపాకి పట్టదలచువారికి రెండు మాటలు. 2016 నాటి ఆయుధ నిబంధనల మేరకు 20 జౌళ్లకు మించని శక్తియు, 4.5 మిల్లీమీటర్లకు మించని గొట్టమును గల తుపాకికి లైసెన్సు అక్కరలేదు. కాని దానితో పిచ్చుకను, చిలుకను, మన పెరటిపక్షులలో దాదాపు దేనినైనను కొట్టుట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరమే. గోడవెంట పరుగెత్తు ముక్కుపొడవైన, కస్తూరివాసన గొట్టు చుంచు మాత్రము ఎలుక కానేకాదు. అది బొద్దింకలను తిని మేలుచేయునది, దానిని విడిచిపెట్టుడు. బియ్యపు డబ్బాకు మూతయు, వంటింటి నీటితూమునకు జాలియు, కోళ్లగూటి అడుగున ఇనుపవలయు అమర్చి, ఒక నెల చూచి, అప్పటికిని తిరుగు ఎలుక యున్నచో తుపాకి తీయుడు.